బాకు గీయాలా వద్దా: క్లాసిక్ నాటకాలు కామిక్స్ అయినప్పుడు

షేక్స్‌పియర్ నాటకం మాక్‌బెత్ రెండో అంకం మొదటి సీన్ చివర్లో మాక్‌బెత్ ఒక్కడే మిగులుతాడు. రాజుని చంపడానికి వెళ్లే ముందు అతనికి గాల్లో ఒక బాకు కనిపిస్తుంది, పిడి తన చేతివైపే తిరిగి ఉంది, పట్టుకోబోతే చేతికి దొరకదు, కానీ కళ్లముందు నుంచి పోదు. స్టేజ్ మీద ఇది పెద్ద సమస్య కాదు, చాలా ప్రదర్శనల్లో బాకు అనేదే ఉండదు, నటుడు ఖాళీ గాల్లోకి చూస్తాడు, మనం అతని కళ్లు చూస్తాం, అక్కడితో పని అయిపోతుంది. అదే సీన్‌ని కామిక్‌గా వేయడానికి కూర్చున్న ఆర్టిస్ట్‌కి మాత్రం తప్పించుకునే దారి లేదు. గీస్తే ఒక అర్థం, గీయకపోతే ఇంకో అర్థం.

గీస్తే ఏమవుతుందంటే ఆ బాకు మాక్‌బెత్ చెయ్యి ఎంత నిజమో అంత నిజం అయిపోతుంది, ఎందుకంటే రెండూ అదే ఇంకు, అదే గీత. కాగితం మీద భ్రమకీ వస్తువుకీ పుట్టుకతో తేడా ఏమీ ఉండదు, ఆ తేడాని ఆర్టిస్టే కావాలని పుట్టించాలి. చుట్టూ నల్ల గీత లేకుండా ఉత్త రంగుతో వేయొచ్చు, వెనకున్న గోడ కనిపించేలా పల్చగా వేయొచ్చు, కనుపాపలో చిన్న మెరుపుగా మాత్రమే చూపించొచ్చు. లేదా అసలు వేయకుండా అతని చెయ్యి శూన్యాన్ని పట్టుకుంటున్నట్టు వేయొచ్చు, అప్పుడు మాక్‌బెత్ మనకి కొంచెం పిచ్చివాడిలా కనిపిస్తాడు. గీస్తే మనం కూడా అతనితోపాటు ఆ పిచ్చిలోకి వెళ్లిపోతాం. ఇది చిన్న విషయంలా ఉంది గానీ నాటకం మొత్తాన్ని ఎవరి కళ్లతో చూడాలి అనేది ఈ ఒక్క ప్యానెల్లోనే, అంటే ఒక్క బొమ్మ గడిలోనే తేలిపోతుంది.

విందు సీన్‌లో, మాక్‌బెత్ చంపించిన స్నేహితుడు బాంకో దయ్యమై వచ్చే సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1623లో అచ్చయిన ఫోలియోలో, అంటే షేక్స్‌పియర్ నాటకాల సంపుటంలో, దయ్యం వచ్చి మాక్‌బెత్ కుర్చీలో కూర్చుంటుందని స్పష్టంగా స్టేజ్ సూచన ఉంది, కాబట్టి బాకులాగా ఇక్కడ అనుమానం లేదు, నటుడు నిజంగానే వచ్చి కూర్చోవాలి. కానీ విందులో ఉన్న మిగతావాళ్లకి ఆ కుర్చీ ఖాళీగానే కనిపించాలి. స్టేజ్ మీద ప్రేక్షకుడికి ఒకే దృశ్యం దొరుకుతుంది, ఉందో లేదో ఏదో ఒకటే. కామిక్‌లో అయితే ఒక ప్యానెల్లో లేడీ మాక్‌బెత్ వైపు నుంచి ఖాళీ కుర్చీ, పక్క ప్యానెల్లో మాక్‌బెత్ వైపు నుంచి రక్తం కారే మొహం, మళ్లీ ఖాళీ కుర్చీ, ఇలా ఒకే పేజీలో రెండు నిజాల్నీ పక్కపక్కన పెట్టొచ్చు, అవి రెండూ ఒకేసారి కంటిలో పడతాయి కూడా. ఇలాంటి చోట కామిక్ స్టేజ్‌ని దాటేస్తుంది, ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

కామిక్ చదివితే నాటకం చదివినట్టా కాదా అనే పాత వాదన ఉంది కదా, అది మొదటి నుంచీ పక్కదారిలోనే నడిచింది. కామిక్‌ని తీసుకెళ్లి టెక్స్ట్ పక్కన పెట్టి ఎంత తగ్గింది అని తూకం వేస్తారు. నాటకం టెక్స్ట్ అనేదే సగం తయారైన వస్తువు, అది నటులూ డైరెక్టరూ చేతిలోకి తీసుకుని పూర్తి చేయడానికి రాసింది. కామిక్ చేసేది కూడా ఆ పనే. అందుకే దాన్ని టెక్స్ట్‌కి షార్ట్‌కట్‌గా కాకుండా ఒక ప్రదర్శనగా చూస్తే అసలు ప్రశ్నలు బయటికి వస్తాయి: ఎవరిని దగ్గరగా చూపించారు, ఏది దాచారు, ఏ మాట కోసేశారు, ఎందుకు కోసేశారు. ఒక ప్రదర్శన చూసి వచ్చినవాడిని నువ్వు నాటకం చూడలేదు అని ఎవరూ అనరు, కాకపోతే ఆ ఒక్కటే నాటకం అనుకుంటే మాత్రం అక్కడే తేడా కొడుతుంది.

అసలు చిక్కు ఎక్కడుందంటే పాత నాటకాల్లో మాటలే సెట్టింగులు. షేక్స్‌పియర్ నాటకాలు ఆడిన లండన్ గ్లోబ్ థియేటర్‌లో నాటకాలు మధ్యాహ్నం ఎండ వెలుగులో ఆడేవాళ్లు, లైట్లు లేవు, వెనక తెరల మీద బొమ్మలు లేవు. రాత్రి అయిందని తెలియాలంటే ఎవరో ఒకరు చంద్రుడు దిగిపోయాడనో నక్షత్రాలు కనపడట్లేదనో అనాల్సిందే. హెన్రీ ఫైవ్ మొదట్లో కోరస్, అంటే కథ చెప్పే పాత్ర వచ్చి ప్రేక్షకుల్ని బతిమాలుకుంటుంది, ఇంత చిన్న చోటులో ఫ్రాన్స్ యుద్ధభూమి ఎలా పడుతుంది, మేం గుర్రాలు అన్నప్పుడు మీరే గుర్రాల్ని చూసుకోండి అని. ఇప్పుడు కామిక్‌లో అదే కోరస్ మాటల కింద ఆర్టిస్ట్ కష్టపడి రెండు పేజీల నిండా గుర్రాలు దింపితే ఆ బతిమాలుడికి అర్థమేముంది? గుర్రాలు ఎదురుగానే ఉన్నాయి కదా. మాట బొమ్మనే మళ్లీ చెప్తుంది, బొమ్మ మాటనే మళ్లీ చూపిస్తుంది, ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. తెలివైన అడాప్టేషన్ ఇలాంటి చోట ఏదో ఒకదాన్ని వదిలేస్తుంది, భయపడే అడాప్టేషన్ రెండూ ఉంచి పేజీని ఇరుకు చేస్తుంది.

దీనికి పరాకాష్ఠ కింగ్ లియర్‌లో డోవర్ కొండ సీన్. గ్లోస్టర్ కళ్లు పీకేశారు, చచ్చిపోదామని కొండ అంచుకి తీసుకెళ్లమంటాడు, తీసుకెళ్లేది సొంత కొడుకు ఎడ్గర్, ఆ సంగతి తండ్రికి తెలీదు. నేల చదునుగానే ఉన్నట్టుందే అంటాడు ముసలాయన, అబ్బే బాగా ఏటవాలుగా ఉంది, సముద్రం హోరు వినిపించట్లేదా అంటాడు కొడుకు. తర్వాత కింద ఎగిరే కాకులు పురుగులంత ఉన్నాయని, ఒడ్డున తిరిగే జాలర్లు ఎలుకల్లా ఉన్నారని కళ్లు తిరిగేలా వర్ణిస్తాడు. అంతా అబద్ధమే. ముసలాయన దూకుతాడు, అంటే చదును నేల మీద ముందుకి పడతాడు.

బోడి స్టేజ్ మీద ఇది ఎందుకు పనిచేస్తుందో చూడండి. ఆ నాటకం అంతటా కొండలూ కోటలూ తుపానులూ మాటలతోనే కట్టారు, కాబట్టి ఎడ్గర్ చెప్పిన కొండ కూడా మిగతా అన్నింటిలాగే ఉన్నట్టే లెక్క. నేల చదునుగా ఉందన్న మాట వల్ల అనుమానం వస్తుంది, కానీ ప్రేక్షకుడు కూడా కాసేపు ఆ గుడ్డి తండ్రి లాగే ఏది నమ్మాలో తెలీక ఊగుతాడు, దూకే ముందు ఎడ్గర్ పక్కకి తిరిగి ఇది ఆయన నిరాశని నయం చేయడానికే అని చెప్పేదాకా. కామిక్‌లో ఆ ఊగిసలాట ఉంచడం చాలా కష్టం. పచ్చిక మైదానం గీస్తే మొదటి ప్యానెల్లోనే గుట్టు రట్టయింది. కొండ గీస్తే పాఠకుడికి ఆర్టిస్టే అబద్ధం చెప్పినట్టు. మధ్యేమార్గాలు కొన్ని ఉన్నాయి: పాదాలు కనపడకుండా మొహాల వరకే ఫ్రేమ్ పెట్టడం, లేదా ఆ వర్ణనంతా గ్లోస్టర్ తలలో బొమ్మగా వేరే రంగుల్లో చూపించడం, లేదా వెనక ఏమీ లేకుండా తెల్ల కాగితం వదిలేయడం. ఈ చివరిదే అన్నిటికన్నా నిజాయితీగా ఉంటుంది, ఖాళీ కాగితం ఖాళీ స్టేజ్‌కి దగ్గరి చుట్టం కాబట్టి. లియర్ కామిక్ ఏది చేతికొచ్చినా ముందు ఈ పేజీలు తిప్పి చూస్తే చాలు, వేసినవాళ్లు నాటకాన్ని ఎంత ఆలోచించారో తెలిసిపోతుంది.

మన వైపు శాకుంతలం తీసుకుంటే ఇదే కథ ఇంకో రూపంలో ఎదురవుతుంది. మొదటి అంకంలో దుష్యంతుడు రథం మీద లేడిని తరుముతాడు, స్టేజ్ మీద రథమూ ఉండదు, లేడి కూడా ఉండదు, నటుడు రథవేగాన్ని అభినయించాలి, లేడి మెడ వెనక్కి తిప్పి చూస్తూ పరిగెత్తడం శ్లోకంలో వినిపించాలి. కామిక్‌లో రథం గీయడం ఏమాత్రం కష్టం కాదు, అందుకే శ్లోకం ముందుగా ఎగిరిపోతుంది. ఇంతకన్నా పెద్ద తేడా దుర్వాసుడి శాపం దగ్గర వస్తుంది. నాలుగో అంకంలో దుర్వాసుడు స్టేజ్ మీదకే రాడు, తెరవెనక నుంచి గొంతు వినిపిస్తుంది, అది చెవిన పడేది అనసూయ ప్రియంవదలకి, శకుంతలకి కాదు, ఆమె ఎక్కడో ఆలోచనల్లో ఉంది. శాపం గురించి ఆమెకి తెలియకుండా జరిగిపోవడమే కథకి ఇరుసు. బొమ్మల్లో వేసేటప్పుడు జడలు విరబోసుకుని కమండలం పట్టుకున్న ముని ఆమె ఎదురుగా నిలబడి వేలు చూపించడం ఆర్టిస్ట్‌కి చాలా ఊరించే ఫ్రేమ్, కానీ అలా వేస్తే ఆమె ఎందుకు వినలేదనే ప్రశ్న పాఠకుడి నెత్తిన పడుతుంది. ఇద్దరు చెలికత్తెల మొహాలూ, పేజీ అంచు నుంచి లోపలికి పొడుచుకొచ్చిన ఒక మాటల బెలూన్ తోకా ఉంటే చాలు, తెరవెనక గొంతుకి కామిక్ భాషలో అంతకన్నా మంచి సమానం లేదు. ఇంకోటి, రాజు సంస్కృతం మాట్లాడతాడు, శకుంతల, చెలికత్తెలు, విదూషకుడు ప్రాకృతం మాట్లాడతారు, కామిక్స్‌లోకి వచ్చేసరికి అందరిదీ ఒకే భాష ఒకే ఫాంట్ అయిపోతుంది. అక్షరాల ఆకారం మార్చి ఆ తేడాని కాస్తయినా నిలబెట్టే వీలు ఉంది, చేస్తే బాగుండు.

చావుల దగ్గర కూడా ఇదే పేచీ. గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ఈడిపస్‌లో రాణి జొకాస్టా ఉరి వేసుకోవడం, ఆమె బట్టలకున్న బంగారు పిన్నులతో ఈడిపస్ తన కళ్లు పొడుచుకోవడం, ఇవేవీ మనం చూడం, లోపల్నుంచి వచ్చిన మనిషి చెప్తాడు, తర్వాత ఈడిపస్ బయటికి వస్తాడు. నాట్యశాస్త్రం కూడా యుద్ధం, మరణం, రాజ్యం పోవడం, కోట ముట్టడి లాంటివి నేరుగా చూపించకుండా ప్రవేశకాల్లో, అంటే అంకాల మధ్య వచ్చే చిన్న సీన్లలో చెప్పించమంటుంది (భాసుడి పేరుతో ఉన్న ఊరుభంగంలో దుర్యోధనుడు స్టేజ్ మీదే ప్రాణం విడుస్తాడు, అది వేరే సంగతి, నియమం ఉన్నచోటే దాన్ని దాటే మొనగాడూ ఉంటాడు). కామిక్ పుట్టిందే చూపించడానికి, కాబట్టి ఆ పిన్నుల్ని పేజీ నిండా గీయాలని చెయ్యి లాగుతుంది. గీస్తే మొదటిసారి ఒళ్లు జలదరిస్తుంది, రెండోసారి చూస్తే ఎర్ర ఇంకు. చెప్పేవాడి మొహం, వినేవాళ్ల మొహాలు మాత్రమే వేసి మాటల్ని మాటల్లాగే వదిలేస్తే ఎన్నిసార్లు చదివినా బరువు తగ్గదు.

సరే, మాటల లెక్క కూడా చూద్దాం, ఎందుకంటే చాలా నిర్ణయాలు కళ వల్ల కాదు, చోటు లేక జరుగుతాయి. అమెరికన్ కామిక్స్‌లో ఒక పాత కొలత ఉంది, ప్యానెల్‌కి 35 పదాలకి మించొద్దు, పేజీకి ఆరు ప్యానెల్స్ అనుకుంటే 210 పదాలు. హామ్లెట్ ఇంగ్లీష్‌లో దాదాపు 30,000 పదాలు. ఈ లెక్కన ఒక్క మాట కూడా కోయకుండా, ప్రతి ప్యానెల్ అంచుదాకా నింపితే 143 పేజీలు కావాలి, ఒక్క మౌనమైన ప్యానెల్ కూడా లేకుండా. మాక్‌బెత్ చిన్నది, సుమారు 17,000 పదాలు, 80 పేజీలు దాటితే సరిపోతుంది, బహుశా అందుకే కామిక్స్ వాళ్లు మళ్లీ మళ్లీ దాని మీద పడతారు, మంత్రగత్తెలూ రక్తమూ ఎలాగూ ఉన్నాయి.

1941లో మొదలైన క్లాసిక్స్ ఇలస్ట్రేటెడ్ సిరీస్ 1950ల్లో జూలియస్ సీజర్, హామ్లెట్, మాక్‌బెత్ లాంటివి తెచ్చినప్పుడు సంచిక దాదాపు 48 పేజీలు, అందులోనూ చివరి పేజీలు కొన్ని రచయిత జీవితం లాంటి వాటికి పోయేవి. అంటే హామ్లెట్‌లో మూడో వంతు పట్టడమే గగనం. కథ చివర్లో ఇప్పుడు వెళ్లి అసలు పుస్తకం చదవండి అని వాళ్లే రాసేవాళ్లు, ఆ మాట వరకు నిజాయితీ ఉంది. దీనికి పూర్తిగా అవతలి కొసన 1980ల మొదట్లో బ్రిటన్‌లో మాక్‌బెత్, ఒథెల్లో, కింగ్ లియర్‌లని ఒక్క లైను వదలకుండా మొత్తం టెక్స్ట్‌తో కామిక్స్‌గా వేశారు, ఒథెల్లోకి ఆస్కార్ జరాటే, లియర్‌కి ఇయాన్ పొలాక్ బొమ్మలు. మక్కీకి మక్కీ దించినా అవి నిలబడ్డాయంటే కారణం ఆ బొమ్మలు మాటల్ని అనువదించే పని పెట్టుకోకపోవడమే, పొలాక్ మనుషులు సాగిపోయి కరిగిపోయినట్టు ఉంటారు, ఆ ఆకారాల్లో లియర్ మతి తప్పడం కనిపిస్తుంది, డైలాగుల్లో ఉన్నది డైలాగుల్లో ఉంటుంది. తర్వాత 2007 నుంచి క్లాసికల్ కామిక్స్ అనే బ్రిటిష్ సంస్థ ఇంకో దారి పట్టింది, అవే బొమ్మలు, మూడు రకాల బెలూన్లు: అసలు టెక్స్ట్, నేటి ఇంగ్లీష్‌లోకి మార్చింది, బాగా కుదించింది. వ్యాపారంగా తెలివైన ఆలోచన, కానీ ఒక విషయం బయటపడుతుంది, బెలూన్ల సైజు మారినా బొమ్మ మారదు కాబట్టి, కుదించిన ఎడిషన్‌లో మనుషులు రెండు మాటలు అని నోరు అంత పెద్దగా ఎందుకు తెరిచారో అర్థం కాని ప్యానెల్స్ వస్తాయి.

స్వగతం సంగతి వేరే. హామ్లెట్ ఉండటమా లేకపోవడమా అనే స్వగతం దాదాపు 33 లైన్లు, పై లెక్కలో ఒక పేజీకి పైనే. అది మాటల బెలూన్‌లో పెట్టాలా, మేఘంలాంటి ఆలోచన బెలూన్‌లో పెట్టాలా, లేక ఏ బెలూనూ లేకుండా క్యాప్షన్లుగా బొమ్మ మీద వదలాలా? మేఘం పెడితే అది గుసగుస అయిపోతుంది, స్టేజ్ స్వగతంలో ఉండే అసలు సంగతి మాయమవుతుంది, అంటే నటుడు మనవైపు తిరిగి మనతోనే మాట్లాడటం. ఒథెల్లోలో ఇయాగో అలా మనవైపు తిరిగే మనల్ని తన కుట్రలో భాగస్వాముల్ని చేసుకుంటాడు, కాబట్టి ఇయాగోకి ఆలోచన బెలూన్ పెట్టినవాళ్లు నాటకాన్ని సగం పారేసుకున్నట్టే, అతను ప్యానెల్లోంచి పాఠకుడి కళ్లలోకి చూడాలి. ఇంకా పద్యం నడక కూడా ఉంది, పది అక్షరాల లైను బెలూన్ గుండ్రానికి తగ్గట్టు నాలుగు ముక్కలవుతుంది, లయ ఎక్కడ విరిగిందో తెలీదు. పైకి చదువుకుంటే కొంత తిరిగొస్తుంది. పద్యం ఉంచలేక, మంచి వచనం రాయలేక మధ్యలో ఆగిపోయిన ఎడిషన్లు మాత్రం రెంటికీ చెడ్డ రేవళ్లు.

కవలల నాటకాల్లో స్టేజ్‌కీ కామిక్‌కీ లెక్క తలకిందులవుతుంది. కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌లో రెండు జతల కవలలు, స్టేజ్ మీద ఆ నటులు నిజానికి ఒకరిలా ఒకరు ఉండరు, ఒకేలాంటి బట్టలు వేసి ఒకటే అనుకోమంటారు, పాత్రలు పొరబడతాయి, ప్రేక్షకులు పొరబడరు, నవ్వు పుట్టేది ఆ ఎడం వల్లే. కామిక్‌లో కవలల్ని అచ్చుగుద్దినట్టు గీయడం చిటికెలో పని, అలా గీస్తే పాత్రలతోపాటు పాఠకుడు కూడా పొరబడి మూడు పేజీల తర్వాత పుస్తకం పక్కన పెడతాడు. ఏ ఒక్కరికో చొక్కా అంచు రంగు కొంచెం మార్చక తప్పదు.

నార్వే రచయిత ఇబ్సెన్ రాసినలాంటి వాస్తవిక నాటకాలు చూడటానికి తేలికగా ఉంటాయి, స్టేజ్ సూచనల్లో గదిలో కుర్చీ ఎక్కడుందో కూడా రాసి ఉంటుంది, గీయడమే తరువాయి. కానీ అంతా ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు మాట్లాడుకోవడమే కాబట్టి పేజీల కొద్దీ తలకాయలే అయ్యే ప్రమాదం. 1879 నాటి డాల్స్ హౌస్‌లో నోరా గుట్టు ఉన్న ఉత్తరం తాళం వేసిన పోస్టు డబ్బాలో పడుతుంది, తాళంచెవి భర్త దగ్గర ఉంటుంది, ఆమె అతన్ని అటు వెళ్లనీకుండా నాట్యం చేస్తూ ఆపుతుంది. ఆ డబ్బాని ప్రతి ప్యానెల్లో ఏదో ఒక మూల చిన్నగా ఉంచొచ్చు, మాటల్లో దాని ఊసు లేనప్పుడు కూడా. కంటిని ఎటు నడపాలో ఇంత కచ్చితంగా చెప్పడం స్టేజ్ వల్ల కాదు.

కాలం, దేశం మార్చేయడం గురించి చాలామంది గింజుకుంటారు గానీ అది కామిక్స్ కనిపెట్టిన పాపం కాదు, స్టేజ్ డైరెక్టర్లు ఎప్పట్నుంచో చేస్తున్నదే. మాంగా (జపాన్ తరహా కామిక్స్) పద్ధతిలో వచ్చిన మాంగా షేక్స్‌పియర్ సిరీస్‌లో రోమియో జూలియట్ కుటుంబాలు నేటి టోక్యోలో యాకూజా ముఠాలు, గారెత్ హైండ్స్ 2013లో వేసిన దానిలో ఊరు వెరోనానే గానీ జూలియట్ వాళ్లు భారతీయ మూలాలవాళ్లు, రోమియో వాళ్లు ఆఫ్రికన్ మూలాలవాళ్లు. రెండో దాంట్లో ఒక మామూలు ఉపయోగం కూడా ఉంది, వీధి కొట్లాట సీన్‌లో ఎవరు ఏ పక్షమో పేరు చదవకుండానే తెలుస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదట కామిక్ చదివి తర్వాత టెక్స్ట్‌కి వెళ్లినా ఫరవాలేదు, కథ ముందే తెలిస్తే కొంప మునిగే నాటకాలు కావివి, గ్రీకు ప్రేక్షకులకి ఈడిపస్ కథ ముందే తెలుసు. పరీక్ష కోసమైతే మాత్రం కామిక్ ఒక్కటే నమ్ముకోవడం రిస్కే, కోసేసిన లైన్లు ఎక్కడ పోయాయో అది చెప్పదు కాబట్టి. అన్నిటికన్నా బాగా పనిచేసేది ఒకే నాటకానికి రెండు వేర్వేరు కామిక్స్ దగ్గర పెట్టుకుని ఒకే సీన్ చదవడం, మధ్యలో టెక్స్ట్ తెరిచి ఉంచి. ఒకరు దగ్గరగా చూపించిన మొహాన్ని ఇంకొకరు వీపు వైపు నుంచి చూపిస్తే, టెక్స్ట్‌లో ఆ రెండింటికీ చోటు ఉందా అని వెతకడం మొదలవుతుంది.

ఒక్కటే కొనాలంటే, మాక్‌బెత్ అయితే, ఐదో అంకంలో భార్య చనిపోయిన వార్త విన్నాక అతను రేపు, మళ్లీ రేపు అంటూ మాట్లాడే డజను లైన్ల దగ్గర పేజీ తెరవండి. అందులో ఆరిపోయే కొవ్వొత్తి ఉంది, నడిచే నీడ ఉంది, స్టేజ్ మీద కాసేపు ఎగిరి మాయమయ్యే నటుడు ఉన్నాడు. ఆర్టిస్ట్ వరసగా కొవ్వొత్తినీ నీడనీ నటుడినీ ఒక్కో ప్యానెల్‌గా గీసి పెట్టి ఉంటే ఆ ఎడిషన్ వదిలేసి ఇంకోటి చూసుకోవడం మంచిది.